మోకాల్లోతు వరద

కంచం ముందు నుంచి లేచిపోయిన మనిషిని మళ్లీ కూర్చోబెట్టడం ఎంత కష్టమో, కమిటీలో కూర్చున్న మనిషిని లేపడమూ అంతే కష్టమని ఆ మధ్యాహ్నం సువర్ణకి అర్థమైంది.

ఆమె అన్న ఇశ్రాయేలు పప్పన్నం కలిపిన చేత్తోనే పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆమె భర్త ప్రభాకరరావు మాత్రం పీట మీంచి కదలకుండా, ఎదుటి కంచంలో చల్లారుతున్న అన్నాన్ని కాలేజీ లాబరేటరీలో పాడైన పరికరాన్ని చూసినట్టు చూస్తున్నాడు.

"అన్నయ్య లేచిపోయాడండీ," అంది సువర్ణ.

"చూశాను."

"చూసి?"

"నేనేమన్నాను? నేరేళ్ళలంకలో కొలతలు ఇంకోసారి తీద్దామన్నాను. అంతేగా?"

"'నీళ్లకి మర్యాద తెలీదు బావగారూ' అన్నదెవరు మరి?"

అన్నది ప్రభాకరరావే. ఆ మాట నోట్లో ఉన్నంతసేపూ బాగానే ఉన్నట్టుంది. బయటికొచ్చాకే అది ఎవరి మీద పడిందో చూసుకున్నాడు.

గోడవార కూర్చున్న మరియమ్మగారు, ప్రభాకరరావు తల్లి, మజ్జిగ తాగి గ్లాసు బోర్లించింది. మిషన్ బడిలో చాలాకాలం పాఠాలు చెప్పిన మనిషి. ఎవరు ఏం చేసినా ముందు తప్పులు దిద్దుతుంది, తరువాతే జాలిపడుతుంది.

"అలిగేవాడు చెయ్యి కడుక్కుని అలగాలి," అందావిడ. "పప్పు గోళ్లలో ఎండిపోతే అలక కూడా సుఖంగా ఉండదు. చెంబుతో నీళ్లు తీసుకెళ్లవే."

సువర్ణ చెంబు అందుకుంది. గుమ్మం దాటబోతూ ఆగింది.

"సాయంత్రం మీ చైర్మన్‌గారు రిపోర్టు మీద సంతకానికి వస్తున్నారు కదా. పెడతారా?"

"అదే తెలీడం లేదు," అన్నాడు ప్రభాకరరావు. అని, తన కంచం కూడా పక్కకి జరిపేశాడు.

ఆగస్టులో గోదావరి వచ్చి వెళ్లాక ప్రభుత్వం రెండు పనులు చేసింది. ఒకటి, బియ్యమూ కిరసనాయిలూ పంచడం. రెండు, కమిటీ వెయ్యడం. బియ్యం త్వరగానే అయిపోయాయి.

కమిటీకి రిటైరైన ఇంజనీరు భీమరాజుగారు చైర్మను. గోదావరి మధ్యనున్న లంకలన్నీ తిరిగి, ఏ ఊళ్లో ఎంత లోతు నీళ్లు నిలిచాయో చెప్పడం కమిటీ పని. ఎక్కడ వరదకి జనం ఎక్కడానికి స్తంభాల మీద మేడ కట్టాలో, ఎక్కడ మోటారు పడవ ఉంచాలో, ఏ ఊరిని మొత్తానికి ఏటిగట్టు మీదకి తరలించాలో తేల్చడం కమిటీ పని కాదు. అది ప్రభుత్వం చూసుకుంటుంది. అమలాపురం కాలేజీలో ఫిజిక్సు చెప్పే ప్రభాకరరావుని ఆ కమిటీలో వేశారని తెలిసిన రోజు సువర్ణ పాయసం చేసింది.

ఒకరు సలహా చెప్పడం, ఇంకొకరు నిర్ణయించడం అనే ఏర్పాటు ఆమెకి కొత్త కాదు. పదిహేనేళ్లుగా ఈ వంటింట్లో నడుస్తున్నది అదే. పులుసులో ఉప్పు సంగతి అత్తగారు చెబుతుంది. వెయ్యడం, మానడం కోడలి ఇష్టం. పులుసు కుదిరితే సలహా గొప్పది. కుదరకపోతే కోడలి చెయ్యి మంచిది కాదు.

నేరేళ్ళలంక సువర్ణ పుట్టిల్లు. కమిటీ అక్కడికి వెళ్లేముందు, పెద్దలందరూ ఊళ్లో ఉండాలని కబురు పంపింది. ఊరు సిద్ధంగా ఉంది. చాపలు పరిచింది. బొండాలు కొట్టింది. పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు పెట్టింది. నీళ్లు ఎంత లోతు వచ్చాయని అడిగితే చిన్నా పెద్దా ఒక్క గొంతుతో, "మోకాల్లోతండి. ఆయ్," అని చెప్పింది. కమిటీ అదే రాసుకుంది.

పరీక్షల డ్యూటీ వల్ల ప్రభాకరరావు ఆ రోజు వెళ్లలేకపోయాడు. కాగితాలు చూశాకే అనుమానం వచ్చింది. ఎగువ ఊళ్లో నిలువెత్తు నీళ్లు. దిగువ ఊళ్లో నిలువెత్తు నీళ్లు. మధ్యలో నేరేళ్ళలంకలో మోకాలు. అక్కడి నేల ఎత్తేమీ కాదని సర్వేవాళ్లే చెప్పారు. అంటే గోదావరి అంతదాకా తలెత్తుకుని వచ్చి, ఆ ఊరి ముందు మాత్రం వంగి, దాటాక మళ్లీ నిటారుగా నిలబడిందన్నమాట.

భోజనాల దగ్గర ఆయన అడిగింది ఇదే. ఇశ్రాయేలుకి వినపడింది మాత్రం, "మీ ఊరంతా అబద్ధాలకోర్లు" అని.

ఇశ్రాయేలు నూతి గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"చెయ్యి చాపు," అంది సువర్ణ.

నీళ్లు పోసింది. అతను కడుక్కుని కండువాకి తుడుచుకున్నాడు.

"మీ ఆయనకి మా ఊరి మీద పగేంటే?"

"మా ఆయనంటావేం? ఏరికోరి నువ్వు తెచ్చిన సంబంధమే. అప్పుడు ఫిజిక్సని మురిసిపోయావు."

"ఫిజిక్సంటే లైట్లూ ఫ్యాన్లూ అనుకున్నాను. మా కొంప మీదకొచ్చేదని తెలీదు."

సువర్ణ నవ్వు ఆపుకుంది. ఇశ్రాయేలు నవ్వలేదు.

"ఆదివారం ముమ్మిడివరం నుంచి మా పిల్ల రూతుని చూసుకోడానికి వస్తున్నారు. అబ్బాయి హైస్కూల్లో లెక్కల మేష్టారు. కుదరక కుదరక వచ్చిన సంబంధం. ఈలోగా పేపర్లో పడిందనుకో, నేరేళ్ళలంకలో నిలువెత్తు నీళ్లు, ఊరు తీసేస్తారంట అని. పిల్లతోపాటు పడవ కూడా ఇస్తారా అనడుగుతారు వాళ్లు. నేనేం చెప్పను?"

"మీ బావగారు ఊరు తీసెయ్యమని రాయరన్నయ్యా. లోతెంతో రాస్తారు, అంతే."

"ఆ అంకె ఇక్కణ్ణుంచి కలెక్టరాఫీసుకెళ్లి, అక్కణ్ణుంచి హైదరాబాదెళ్లి, తిరిగొచ్చేసరికి ఏమై వస్తుందో చెప్పమను. మేడై వస్తుందా? ఊరు ఖాళీ చెయ్యమనే దండోరా అయి వస్తుందా? చెప్పమను చూద్దాం. మా అరిటి తోటలు, మా పాదులు, మా సమాధులు అన్నీ అక్కడే ఉన్నాయి. గట్టు మీద సెంటు భూమి ఇచ్చి బతకమంటే ఏం తిని బతకాలి?"

ఆ ప్రశ్న సువర్ణ తన భర్తని ముందే అడిగింది. "మాకు తెలీదు సువర్ణా," అన్నాడాయన. తెలియకపోవడమే కమిటీకి శీలం అన్నట్టు చెప్పాడు.

"చర్చికి సున్నం ఎప్పుడేశారు?" అంది సువర్ణ.

"క్రిస్మస్‌కి."

"ఇది నవంబరు."

"ఈసారి ముందే వేసేం."

"కమిటీ రాకముందా?"

"పండక్కి సున్నం వేసుకోడానికి కూడా మీ ఆయన పర్మిషన్ కావాలేంటి?"

లంకలో ఇది కొత్త కాదు. వరద తీశాక, పెళ్లీడు పిల్లలున్న ఇళ్లవాళ్లు ముందుగా చేసే పని గోడల మీది వరద చారకి సున్నం కొట్టించడం. ఆ తరువాత ఎవరడిగినా మోకాలనడం. సువర్ణని చూసుకోడానికి వచ్చినప్పుడు కూడా మామగారు వరద సంగతి అడిగారు. "మోకాల్లోతండి. వస్తది, పోద్ది," అన్నాడు నాన్న. తలుపు వెనక సువర్ణ పెదవి కొరుక్కుంది. ఆ ఏడు వరదకి ఆమె కోళ్లగంపని ఒళ్లో పెట్టుకుని చర్చి డాబా మీద కూర్చుంది.

"నిజంగా మోకాలేనా అన్నయ్యా?"

"మోకాలే."

"ఎవరి మోకాలు? ఏనుగుదా?"

ఇశ్రాయేలు దిగ్గున లేచాడు.

"వెటకారం నీకు! అమలాపురంలో కాపురం పెట్టేసరికి లంకవాళ్లు మీకు వెర్రివాళ్లలా కనపడుతున్నారు. మేమేమన్నా గోదారికి కొత్తా? తాతలనాటి నుంచి దాంతో కాపురం చేస్తున్నాం. పశువుల్ని ఎప్పుడు విప్పాలో, గింజల్ని ఎప్పుడు పైకెత్తాలో మాకు తెలుసు. నడవలేని సూరమ్మత్తని దుప్పట్లో మోసుకుని అటక మీదకెక్కించేం. మాకు కమిటీ వచ్చి చెప్పాలా?"

చెప్పాక ఆగిపోయాడు.

పక్క దొడ్లో ఎక్కడో కొబ్బరి మట్ట విరిగిపడింది. ఇద్దరూ అటు చూడలేదు.

సూరమ్మ వాళ్ల మేనత్త. తల్లి పోయాక ఇద్దర్నీ పెంచిన మనిషి. వరద తీసిన తరువాత జ్వరంతో పోయిందని కబురొచ్చింది. సువర్ణ వెళ్లేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది.

"అత్త జ్వరంతో పోయిందన్నావు," అంది సువర్ణ.

"జ్వరమే."

"ఎక్కడ వచ్చింది?"

ఇశ్రాయేలు మళ్లీ నూతి గట్టు మీద కూర్చున్నాడు. "అటక మీద," అన్నాడు. "నీళ్లడిగింది. కింద ఇంటినిండా నీళ్లే. తాగే నీళ్లు లేవు. డాక్టరేమో గట్టు మీద. ఉన్న ఒక్క పడవా వేరే ఊరు పోయింది. అరిచేం. చాలాసేపు అరిచేం."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే బావగారికి చెబుతావు."

సువర్ణ ఖాళీ చెంబు తీసుకుని లోపలికి వచ్చేసింది. ఏడుపు రాలేదు. చెంబు ఎక్కడ పెట్టాలో మాత్రం తోచలేదు.

వంటింటి కిటికీ నూతి వైపే ఉంది. కిటికీ పక్కన మరియమ్మగారు చింతపండులో గింజలు తీస్తోంది.

"విన్నారా అత్తయ్యగారూ?"

"చెవులు పోయే వయసు రాలేదింకా."

సువర్ణ కిరసనాయిలు స్టవ్ ముందు కూర్చుంది. వెలిగించలేదు.

"ఆయనకి చెప్పమంటారా?"

"నా సలహా అడుగుతున్నావా?" ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. "ఉప్పు విషయంలో ఎన్నడూ అడగలేదే."

"ఉప్పు విషయంలో అడిగే అవసరం మీరు రానివ్వరు కదండీ."

"సరే. చెబితే ఏమవుద్ది?"

"అన్నయ్య మళ్లీ ఈ గడప తొక్కడు. రూతు సంబంధం చెడుతుంది. ఊరు ఖాళీ చేయిస్తే నా పేరు చెప్పి ఉమ్మేస్తారు."

"చెప్పకపోతే?"

"మోకాలని అచ్చవుతుంది. మేడా రాదు, పడవా రాదు. వచ్చే వరదకి ఇంకెవరినో అటకెక్కిస్తారు."

"ఇంత తెలిసినదానివి, నన్నెందుకే అడగడం?"

"తెలియక అడగడం లేదండి. తెలిసిపోయింది కాబట్టి అడుగుతున్నాను."

మరియమ్మగారు చేతిలోని చింతపండు పక్కన పెట్టింది. కొంగుకి వేళ్లు తుడుచుకుంది.

"నీకో సంగతి చెప్పనా? పెళ్లిచూపుల్లో మీ నాన్న మోకాలనగానే మీ మామగారు నా వైపు చూసేరు. నేను ఆయన వైపు చూసేను. మీ ఇంటి గోడకి కొత్త సున్నం మా నెత్తి మీద జానెడు దాకా ఉంది. ఆ పైనంతా పాత సున్నమే. పాపం, ఉన్న సున్నం అక్కడిదాకే సరిపోయినట్టుంది. ఇంటికొచ్చేదాకా ఆయన ఒకటే నవ్వు. అబద్ధమాడ్డం కూడా చేతకాని మనుషులు, పిల్ల బంగారం అయ్యుంటుందన్నారు."

సువర్ణ నోరు తెరిచింది. "అంటే మీకు మొదట్నుంచీ..."

"అందరికీ తెలుసే. లంకవాళ్లు మోకాలంటారు, గట్టువాళ్లు ఆయ్ అంటారు. పెళ్లిచూపుల్లో అదొక మర్యాద. పిల్ల కూర బాగా వండుతుందన్నట్టే. నీ కూర సంగతి నేనేమన్నా నమ్మి తెచ్చుకున్నానా? ఆ మాట నమ్మడానికి కాదు, వినడానికి. కమిటీకి పాపం ఆ సంగతి తెలీదు. చాప మీద కూర్చోబెట్టి బొండాం చేతికిచ్చి మోకాలంటే, నిజమనుకుని రాసుకుపోయింది."

సువర్ణ చాలాసేపు ఆ మాటే ఆలోచించింది.

ఊరు కమిటీని మోసం చెయ్యలేదు. వాళ్లని మగపెళ్లివారనుకుంది. ఎదుటివాళ్లు పెంచుకుని వింటారని తెలిసే ఆ మాట అంది. అక్కడున్న ముసలమ్మలు ఆ మాట అంటున్నప్పుడు ముసిముసిగా నవ్వే ఉంటారు. కాగితం మీదకి ఎక్కింది మాట ఒక్కటే. నవ్వు ఎక్కలేదు. నవ్వు లేకుండా చదివితే మోకాలంటే మోకాలే. హైదరాబాదులో ఎవరో పెద్దమనిషి దాన్ని చదివి, ఈ ఊరికి పడవెందుకని కొట్టేస్తాడు. అతనిదీ తప్పు కాదు. ఎవరిదీ తప్పు కాని చోట అత్త అటక మీద నీళ్లడిగింది.

"ఆ ముమ్మిడివరం వాళ్లకీ తెలిసే ఉంటుందంటారా?"

"లెక్కల మేష్టారికి మోకాలెంతో తెలియకపోతే ఆ సంబంధం మనమే వద్దనాలి," అంది మరియమ్మగారు. "అయితే ఒకటి. నోటితో తెలియడం వేరు, పేపర్లో చదవడం వేరు. పేపర్లో పడ్డాక తెలియనట్టు నటించడం ఎవరికీ కుదరదు. మీ అన్న భయం ఉత్తది కాదు."

సువర్ణ లేచింది. చదువుకునే గదిలో ఉన్న భర్త దగ్గరికి వెళ్లి చెప్పేద్దామనే లేచింది. గుమ్మం దాకా వెళ్లేసరికి బయట జీపు ఆగింది.

భీమరాజుగారు అనుకున్నదాని కంటే ముందే వచ్చారు. పొడుగ్గా, పల్చగా ఉంటారు. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పేముందు కళ్లజోడు తీసి తుడుచుకుంటారు. జవాబు ఇష్టం లేకపోతే ఇంకాస్త ఎక్కువసేపు తుడుస్తారు.

వరండాలో బల్లా కుర్చీలూ వేశారు. బస్సుకి బయల్దేరుతున్న ఇశ్రాయేలుని మరియమ్మగారు, "పెద్దమనుషులొచ్చినప్పుడు వెళ్లిపోతే బాగుండదు బాబూ," అని ఆపేసింది. అతను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. "మా బావగారండి," అని ప్రభాకరరావు పరిచయం చేశాడు. ఏ ఊరో చెప్పలేదు.

సువర్ణ కాఫీలు తెచ్చింది.

"రేపు హైదరాబాదు వెళ్తున్నానండి," అన్నారు భీమరాజుగారు. "అందరి సంతకాలూ అయ్యేయి. మీదొక్కటే."

"నేరేళ్ళలంక దగ్గర నేను ఒప్పుకోలేకపోతున్నాను సార్. నీళ్ల వాలు అలా ఉండదు. నా అనుమానం విడిగా రాసిస్తాను."

భీమరాజుగారు కళ్లజోడు తీశారు.

"అనుమానం నాకూ ఉందండి. కానీ మీరు ఈ పనికి కొత్త. మనం 'కావచ్చు' అని రాస్తామా? అది కలెక్టరాఫీసులో 'అవుతుంది' అవుద్ది. సెక్రటేరియట్‌లో 'అవును' అవుద్ది. లేదా ఎవరికీ అక్కర్లేక 'కాదు' అవుద్ది. మన 'కావచ్చు'ని 'కావచ్చు'గానే ఉంచినవాణ్ణి ఇంతవరకూ చూళ్లేదు. అందుకని అనుమానంతోపాటు చూసినవాళ్ల మాట ఉండాలి. అక్కడ చూసినవాళ్లందరూ మోకాలన్నారు. మీ దగ్గర వేరే మాట చెప్పే మనిషెవరైనా ఉన్నారా?"

ప్రభాకరరావు ఎటూ చూడలేదు. అంత జాగ్రత్తగా ఎటూ చూడకపోవడం సువర్ణ గమనించింది.

"కాఫీ చాలా బాగుందమ్మా," అన్నారు భీమరాజుగారు కప్పు అందుకుని. కోనసీమలో కాఫీ తరువాత వచ్చే ప్రశ్నే వచ్చింది. "మీ పుట్టిల్లెక్కడ?"

"నేరేళ్ళలంకండి."

కప్పు సాసరు మీద గట్టిగా చప్పుడు చేసింది. పెట్టింది భీమరాజుగారే.

"ప్రభాకరరావుగారూ, మీరీ మాట చెప్పలేదే?"

"ఎవరూ అడగలేదండి," అన్నాడు ప్రభాకరరావు. మెల్లగా అన్నాడు.

చెప్పేసి ఉంటాడనే సువర్ణ అనుకుంది. ఇన్నాళ్లూ అనుకుంటూనే ఉంది. లంకలోనే కాదు, ఫిజిక్సు చదివినవాళ్ల ఇంట్లో కూడా సున్నం కొడతారన్నమాట. ఆయన మొహం చూస్తే కోపం రాలేదు. ఆ మొహానికి కూడా సున్నం సరిపోయినంతవరకే ఉంది.

"అడక్కపోయినా చెప్పాల్సిన మాటండి అది," అన్నారు భీమరాజుగారు. గొంతు పెంచలేదు. "ఇప్పుడు నేరేళ్ళలంక గురించి మీ మాట నేను తీసుకోలేను. లోతు ఎక్కువంటే భార్య ఊరికి మేడ తెచ్చుకున్నాడంటారు. తక్కువంటే బావగారి కోసమంటారు. మీ వాలు, మీ లెక్క ఎంత నిజమైనా సరే, మీ నోటితో చెల్లదు. ఒక్క ఊరి దగ్గర అనుమానమొస్తే మిగతా ఊళ్ల కాగితాలు కూడా పక్కన పడేస్తారు. సంతకం పెట్టండి. ఇంకేం చెయ్యలేం."

ఆయన జేబులోంచి కలం తీసి ప్రభాకరరావు ముందు పెట్టారు.

ప్రభాకరరావు కలం అందుకోలేదు. వద్దనీ అనలేదు. స్తంభం దగ్గర ఇశ్రాయేలు ఊపిరి వదిలిన చప్పుడు సువర్ణకి స్పష్టంగా వినపడింది. మధ్యాహ్నం నుంచీ అతనికి కావాల్సింది ఇదే. ఇంకెవరూ ఏమీ అనక్కర్లేదు. అందరూ మర్యాదగా ఊరుకుంటే చాలు.

"నేనైతే చూళ్లేదండి," అంది సువర్ణ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"వరదప్పుడు నేనిక్కడున్నాను. నేను చెబితే చెప్పుడు మాట అవుతుంది. ఆయన చెబితే చెల్లదంటున్నారు. మా అన్నయ్య ఊళ్లోనే ఉన్నాడు. కళ్లారా చూసినవాడు. అన్నయ్యనడగండి."

"ఒసే," అన్నాడు ఇశ్రాయేలు.

"పెళ్లివారు కాదన్నయ్యా వీళ్లు," అంది సువర్ణ. "నువ్వేం చెబితే అదే రాసుకుంటారు. తగ్గించుకోరు, పెంచుకోరు. అది తెలిసి చెప్పు. మోకాలంటే మోకాలే. నేను మళ్లీ ఆ ఊసెత్తను."

మరియమ్మగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏమీ దిద్దలేదు.

భీమరాజుగారు కలం వెనక్కి తీసుకుని మూత విప్పారు. "చెప్పండి," అన్నారు.

"మోకా..." అన్నాడు ఇశ్రాయేలు. గొంతు సవరించుకున్నాడు. కండువా ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "మా రూతుకి పెళ్లయ్యేదాకా ఆగుద్దాండి మీ రిపోర్టు?"

"రిపోర్టు ఆపమంటే ఆపొచ్చేమోనండి. గోదారిని నేనడగలేను."

"అయితే చెబుతాను. మీరు రాయకూడదు."

"రాయనిది నేను వినలేదనే లెక్కండి."

ఇశ్రాయేలు చెల్లెలి వైపు చూశాడు. చెప్పమనో వద్దనో అంటుందని ఎదురుచూసినట్టు చూశాడు. ఆమె మొహం తిప్పుకోలేదు.

"చర్చి కిటికీలు మునిగేయండి," అన్నాడతను. "మొత్తం. పైన కమ్మీలు కూడా కనపడలేదు. ఆయ్. రాసుకోండి."

భీమరాజుగారు రాసుకున్నారు. ప్రభాకరరావు తలవంచుకుని కూర్చున్నాడు. తన లెక్క నిజమని తేలినందుకు సంతోషించే హక్కు కూడా తనకి మిగల్లేదని ఆయనకి తెలిసినట్టుంది.

"రాసేశారా అండి?"

"రాసేను."

"ఇప్పుడు చెప్పండి. ఇది చదివి వాళ్లు మా ఊరికి మేడ కడతారా? మా ఊరే తీసేస్తారా?"

భీమరాజుగారు కళ్లజోడు తీశారు. పంచె అంచుతో ఒక అద్దం తుడిచారు. రెండోది తుడిచారు. మళ్లీ మొదటిది మొదలుపెట్టారు.

"అది చెప్పడం మా పని కాదండి," అన్నారు చివరికి.

"మా పనీ కాదు, మీ పనీ కాదు." ఇశ్రాయేలు స్తంభాన్ని వదిలి బల్ల దగ్గరికి వచ్చాడు. వంగి, ఆ తడి ఆరని వాక్యం మీద వేలు పెట్టబోయి, తాకకుండా ఆపేశాడు. "నా పిల్ల సంబంధం తెచ్చి మీ చేతిలో పెట్టేనండి. అది ఎవరి చేతిలో పడుద్దో మీకే తెలీనప్పుడు, కొట్టెయ్యండి అది."

"అన్నయ్యా..."

"నువ్వూరుకో సువర్ణా. నన్ను నిజం చెప్పమన్నావు, చెప్పేను. దీన్ని పట్టుకెళ్లే మనిషి ఏం చేస్తాడో కూడా చెప్పమను. నేను ఒక్కణ్ణే చెప్పాలా?"

భీమరాజుగారు కళ్లజోడు పెట్టుకున్నారు. ఇశ్రాయేలు మొహంలోకి చూశారు, తరువాత సువర్ణ మొహంలోకి, ఆ తరువాత కాగితం వైపు.

కలం ఎత్తారు. కొట్టెయ్యడానికో, ఆ కిందే, ఊరు తియ్యకుండా మేడ కట్టమని, కమిటీ పని కాని వాక్యం ఇంకొకటి రాయడానికో సువర్ణకి తెలియలేదు.